పూజగదిలో దల్లా

అబూ నాసర్ దల్లాను చేతికి ఇచ్చే ముందు మూత ఎత్తి, లోపలికి ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. వాసంతి నీలం గ్లవ్స్ తొడుక్కుని, ఫోమ్ పరిచిన పెట్టె పక్కన పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఇస్తాడో ఇవ్వడో నమ్మకం లేదు. పోయిన వారం కూడా ఇలాగే చేతిదాకా తెచ్చి, ఏం తోచిందో ఏమో, మళ్ళీ బల్ల మీద పెట్టేసుకున్నాడు.

దల్లా అంటే అరబ్బుల కాఫీ కూజా. సన్నటి నడుము, కొంగముక్కులాంటి మూతి, నెత్తిన గోపురంలా మూత. ఇత్తడిది, మెరవాలి. ఇది మాత్రం పొయ్యిలోంచి లేచొచ్చినట్టు నల్లగా ఉంది. పిడి దగ్గర ఒక్కచోటే, చెయ్యి పట్టీ పట్టీ పసుపురంగు బయటపడింది.

ఎడ్మంటన్‌లో స్థిరపడిన అరబ్ కుటుంబాల ఇళ్ళల్లో ఉన్న పాత చేతిపనులను ఫోటోలు తీసి, కొలతలు వేసి, చేసినవాళ్ళు బతికుంటే వాళ్ళ మాటలు రికార్డు చేసి దాచే పని ఊళ్ళోని మ్యూజియం ఒకటి పెట్టుకుంది. వాసంతి అందులో కాంట్రాక్టు ఉద్యోగి. ఆమె తండ్రి సీతారామారావు ఒకప్పుడు దమ్మాంలో పనిచేశాడు. చిన్నప్పుడు అక్కడ ఆటల్లో అంటుకున్న అరబీ ఇన్నాళ్ళకు అన్నం పెడుతోంది. గుడారాలకు కట్టే నేత పట్టీలు, ఖర్జూరపాకు బుట్టలు, వెండి కడియాలు చాలానే దొరికాయి. కానీ ఎవరినడిగినా మా అమ్మమ్మది, మా నాయనమ్మది అనేవాళ్ళే తప్ప నేను చేశాను అన్నవాళ్ళు లేరు. అలా అనగలిగినవాడు అబూ నాసర్ ఒక్కడే. హుఫూఫ్ బజారులో తండ్రి పక్కన కూర్చుని దల్లాలు కొట్టిన కంచరి. ఫ్యాక్టరీ దల్లాలు వచ్చాక కొట్టు మూసేశాడు. ఇక్కడ డెంటిస్టుగా ఉన్న కూతురు నూరా దగ్గరకు భార్యాభర్తలిద్దరూ వచ్చేశారు. కిందటి చలికాలంలో భార్య ఉమ్ నాసర్ పోయింది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆయన్ని పని గురించి అడిగితే పెళ్ళాం గురించి చెబుతాడు. రికార్డర్ పెట్టి, అతుకు ఎలా వేసేవారు అని అడిగితే, ఉమ్ నాసర్ కాఫీలో ఏలక్కాయలు ఎప్పుడు వేసేదో మొదలుపెడతాడు. రేకు ఎక్కడినుంచి వచ్చేది అంటే, ఆమె ఏ ఊరినుంచి కోడలిగా వచ్చిందో చెబుతాడు. వాసంతి పై అధికారి ఒక్సానా ఆ రికార్డింగులు విని, తియ్యటి మనిషే గాని మనకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదని నిట్టూర్చింది. దల్లానైనా శాశ్వతంగా మ్యూజియానికి ఇస్తారేమో అడగమంది. అడిగితే ఆయన నవ్వాడు. నన్ను పూడ్చాక నూరాని అడగండి అన్నాడు. చివరికి ఫోటోలకని ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు.

"బింతీ, ఒక్క మాట," అన్నాడు ఇప్పుడు, పెట్టెలో పెట్టబోతూ. అమ్మాయిని అక్కడ అలాగే పిలుస్తారు. "దీన్ని కడగొద్దు."

"కడగను."

"ఎవరూ కడగొద్దు."

"ఎవరూ కడగరు. నాది పూచీ."

ఎందుకో ఆమెకు తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లో కాఫీకి ఒక్క దల్లా చాలదు. పెద్దదొకటి ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉంటుంది. తాగగా మిగిలిన కాఫీ, అడుగున దిగిన గసి అందులో ఉంటాయి. మర్నాటి కాఫీ ఆ నీళ్ళతోనే మొదలవుతుంది. మనం పెరుగుకు తోడు ఉంచుకున్నట్టే. ఉమ్ నాసర్ హుఫూఫ్‌లో మొదలుపెట్టిన తోడును ఎడ్మంటన్ దాకా తెచ్చుకుంది. ఆమె పోయిన రోజు నుంచి ఆ ఇంట్లో కాఫీ కాయలేదు. దల్లా లోపల గసి ఎండి, నల్లగా గోడలకు పట్టుకుంది. ముసలాయన పొద్దునా సాయంత్రం మూత తీసి వాసన చూసుకుంటాడు.

పెట్టె మూసి, కారులో ముందు సీటుకు బెల్టు వేసి మరీ కూర్చోబెట్టింది వాసంతి. అప్పటికే మ్యూజియం స్టోర్‌రూమ్ మూసేశారు. మైనస్ ఇరవై ఎనిమిది చలిలో కారులో వదలకు, ఇంటికి తీసుకెళ్ళి పొద్దున్నే తీసుకురా అని ఒక్సానా ఫోనులో చెప్పింది.

ఇంటికి రాగానే ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. అంత చలిలోంచి వచ్చిన లోహాన్ని పెట్టెలోనే ఉంచేస్తే చెమ్మ పడుతుంది. ఇంటి వేడికి అలవాటుపడ్డాక బయటికి తీసి ఆరనివ్వాలి. వంటింట్లో పెడితే ఆమె భర్త శ్రీహర్ష కారు తాళాలు, చిల్లరా అందులో పడేస్తాడు. గిన్నె కనిపిస్తే చాలు, ఆయనకది జేబే. హాల్లో పెడితే ఎవరి మోచెయ్యో తగులుతుంది. ఆలోచించి ఆలోచించి పూజగదిలో పెట్టింది. గది అంటే గది కాదు, కోట్లు తగిలించుకునే క్లాజెట్‌కు తలుపులు తీసేసి అత్తగారు చేయించుకున్న మందిరం. స్నానం చెయ్యందే ఆ వైపు ఎవరినీ రానివ్వరు శాంతమ్మగారు. ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ పడని చోటు అదొక్కటే. కింది అరలో, దీపపు సెమ్మెల పక్కన తెల్ల గుడ్డ పరిచి దల్లాను నిలబెట్టి, తన తెలివికి తనే ముచ్చటపడింది.

అత్తగారికి ఒక మాట చెబుదామని వెళ్తే, ఆవిడ మంచం మీద కూర్చుని ఫోనులో తెనాలి భజన బృందంతో కలిసి పాడుతున్నారు. పొద్దున చెప్పొచ్చులే అనుకుంది. పొద్దున శుక్రవారమన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

తెల్లవారి వాసంతి మెట్లు దిగేసరికి ఇంట్లో చింతపండు వాసన. వంటింటి గట్టు మీద పాత దుప్పటి పరిచి, దాని మీద సెమ్మెలు, పంచపాత్ర, ఉద్ధరిణె, హారతి పళ్ళెం వరసగా బోర్లించి ఉన్నాయి. మధ్యలో అందరికంటే ఎత్తుగా, పెళ్ళిపందిట్లో పేరంటాల్లా, దల్లా. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుగూ దానిమీదే పడుతోంది.

శాంతమ్మగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, మోచేతులదాకా చింతపండు పులుసుతో, ముఖమంతా సంతోషంతో నిలబడి ఉన్నారు.

"వచ్చావా. చూడు, ఎట్లా ఉందో," అన్నారు. "నల్లగా కాకిపిల్లలా ఉంది పాపం. ఎప్పుడు తెచ్చావే దీన్ని? యాంటిక్ షాపులోనా? ఎల్లుండి రథసప్తమి కూడాను, అంతా ఒకటేసారి తోమేశా. దీనికే చెయ్యి పడిపోయిందనుకో. లోపల ఏం వండారో గాని, వేణ్ణీళ్ళు పోసి నానబెడితే గాని ఊడలేదు."

వాసంతి గట్టు దగ్గరికి వెళ్ళి, గ్లవ్స్ లేకుండానే మూత ఎత్తి ముక్కు పెట్టింది. చింతపండు. దాని వెనకాల తడి ఇత్తడి. అంతే.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ఎవరిమీదో తెలియని కోపం. అత్తగారు చేసిన తప్పేముంది? పూజగదిలో ఉన్న ఇత్తడి శుక్రవారం పొద్దున్నే తోమడానికి కాకపోతే దేనికి? పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ తీసుకెళ్ళి అక్కడే పెట్టింది. కంచెలో దాచానని గొర్రెను కసాయివాడికే అప్పజెప్పినట్టయింది.

"అత్తయ్యా, అది మనది కాదు," అంది.

ఆపైన చెప్పాల్సిందంతా చెప్పింది. ఆవిడ మొదట, ఎవరిదైతేనేం శుభ్రం చేసిస్తే సంతోషిస్తారుగా అన్న ముఖంతోనే విన్నారు.

"లోపల మీరు ఊడదీసింది తోడు, అత్తయ్యా. ఆయన భార్య ఉంచిన తోడు. ఆవిడ పోయింది."

శాంతమ్మగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. చేతులకున్న పులుసు మోచేతుల మీదుగా కారి నేల మీద పడుతోంది. ఆవిడ తుడుచుకోలేదు. తెనాలిలో మామగారు పోయిన ఏడాది, ఆయన కళ్ళజోడు అద్దాల మీది వేలిముద్రలు కూడా ఎవరినీ తుడవనివ్వని మనిషి ఆవిడ. ఇంకొకరు వివరించి చెప్పాల్సిన పని లేదు.

మ్యూజియంలో ఒక్సానా పెట్టె తెరిచి, తళతళలాడే ఇత్తడిని చూసి, వాసంతి వైపు తిరిగింది. వాసంతి జరిగింది జరిగినట్టు చెప్పింది. తిడుతుందనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్సానా మా అమ్మమ్మ కూడా ఈస్టర్ ముందు ఇలాగే చేసేది అంది. మెల్లగా, దయగానే అంది. తర్వాత, పోయిన మసిని తిరిగి పెట్టే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు, ఆయనకు చెప్పాలి, నేను ఫోన్ చెయ్యనా అని అడిగింది. నేనే వెళ్తానంది వాసంతి.

ఎలాగూ వచ్చింది కాబట్టి ఫోటోలు తీసుకుందాం అంది ఒక్సానా. బల్ల మీద బూడిదరంగు కాగితం పరిచి, పక్కన కొలబద్ద పెట్టి, దీపాలు సర్ది తీస్తుంటే ఒక్కొక్కటీ తెరమీద దిగింది. మసి కింద ఇన్నాళ్ళూ దాగిన సుత్తిదెబ్బలు చేపపొలుసుల్లా వరసలు తీరి కనిపించాయి. రెండు రేకులు కలిసిన చోట, అంచుల్ని పళ్ళలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి అతికిన గీత నడుము చుట్టూ తేలింది. ఒక్సానా వంగి చూస్తూ, అద్భుతం అని పైకే అనేసింది. అని, వెంటనే నాలిక కరుచుకుంది. అందులో ఆమె తప్పూ లేదు. నిజంగానే అద్భుతంగా ఉన్నాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, దల్లాను తిరిగి ఇచ్చేయడానికి బయల్దేరబోతే, శాంతమ్మగారు అప్పటికే చీరకింద ప్యాంటు, పైన కోటు, కాళ్ళకు స్నో బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఈ చలిలో మీరెందుకంటే వినలేదు. కారెక్కాక రేడియోలో విండ్ చిల్ ఎంతుందో చెబుతుంటే చెయ్యి చాచి కట్టేశారు.

అబూ నాసర్ తలుపు తీశాడు. వాసంతి ముఖం చూసే ఆయనకు ఏదో అర్థమై ఉండాలి, పెట్టె కోసం తొందరపడలేదు. కొత్త మనిషిని చూసి గుండెమీద చెయ్యి పెట్టుకుని, లోపలికి రమ్మన్నాడు. ఇద్దరూ బూట్లు విప్పి కూర్చున్నాక, వాసంతి పెట్టె తెరిచింది.

ఆయన దల్లాను బయటికి తీశాడు. అటూ ఇటూ తిప్పలేదు, దాని మెరుపును చూడనే లేదు. నేరుగా మూత ఎత్తి ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. అలాగే ఉన్నాడు. గది అవతల రేడియేటర్ కటకటమంటోంది. కళ్ళు తెరిచి, మూత దించి, కాసేపాగి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ముక్కు పెట్టాడు. మొదటిసారి సరిగా చూడలేదేమో అన్నట్టు.

శాంతమ్మగారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. "నాదేనండీ తప్పు. నేనే తోమాను. తెలియక తోమాను," అన్నారు తెలుగులోనే. వాసంతి దాన్ని అరబీలోకి మార్చింది. పూజగదిలో పెట్టింది మాత్రం నేను, అని కలిపి చెప్పింది. ఆ రెండో మాట ఆయనకు అర్థమైందో లేదో. దేవుడి దగ్గర పెట్టావా అన్నాడు, అంతే.

ఆయన మూత దించి, శాంతమ్మగారి వైపు చూసి అడిగాడు.

"ఆ నీళ్ళు ఎక్కడ పోశారు?"

వాసంతి ఆ సంగతే ఆలోచించలేదు. సింకులో అనే జవాబు నోటిదాకా వచ్చింది. అయినా అడగాలి కాబట్టి అడిగింది.

"కరివేపాకు మొక్కకి పోశానమ్మా," అన్నారావిడ. "చింతపండు పెట్టక ముందు నానబెట్టిన నీళ్ళు. కాఫీ వాసన వచ్చింది, గసి మొక్కకి బలం కదా అని కుండీలో పోశాను."

కరివేపాకును అరబీలో ఏమంటారో వాసంతికి తెలియదు. ఇంట్లో ఉన్న చెట్టుకు పోసిందట అని చెప్పింది. ముసలాయన చెట్టుకా అన్నాడు. తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు.

తర్వాత ఆయన దల్లాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పాడు. బొటనవేలితో అడుగుభాగాన్ని తడిమాడు. తడుముతూ, ఇవి మా నాన్న దెబ్బలు అన్నాడు. ఇంకాస్త పైకి జరిపి, ఇవి నావి, చూడు ఎంత వంకరో, అప్పటికి నాకు ఇంకా మీసం రాలేదు అన్నాడు. వాసంతి రికార్డర్ పెట్టొచ్చా అని అడగడానికి సిగ్గుపడింది. ఆయనే చేత్తో సైగ చేశాడు, పెట్టుకోమని.

ఆ సాయంత్రం ఆయన చెప్పినదంతా పనిగురించే. రేకును ఇనప దిమ్మ మీద ఎలా తిప్పుతూ కొట్టాలి, ఎప్పుడు గట్టిపడిందో సుత్తి మోత విని ఎలా తెలుసుకోవాలి, మళ్ళీ కాల్చి ఎలా మెత్తబరచాలి, అంచుకు పళ్ళు ఎందుకు కొయ్యాలి, కొంగముక్కు విడిగా కొట్టి ఎందుకు అతకాలి, లోపల కళాయి పూసేటప్పుడు గుడ్డ ఎటు తిప్పాలి. ఇన్ని వారాలుగా ఒక్కటీ తెగని ప్రశ్నలన్నిటికీ, అడగకుండానే, ఒకదాని వెంట ఒకటిగా జవాబులు వచ్చాయి. ఏలక్కాయల ఊసు రాలేదు. ఉమ్ నాసర్ పేరు ఒక్కసారీ రాలేదు. రాదా రాదా అని వాసంతి ఎదురుచూస్తూనే ఉంది. ఆయన ఒక్కసారి పెళ్ళాం మాట ఎత్తితే చాలు, ఈ రికార్డింగు అంతా పారేసినా ఫర్వాలేదనిపించింది.

చెప్పడం అయిపోయాక, దల్లాను తనే పెట్టెలో పెట్టి, ఫోమ్ సర్ది, వాసంతి ఒళ్ళో ఉంచాడు.

"తీసుకెళ్ళు బింతీ. మీ మ్యూజియంలో పెట్టుకోండి."

"వద్దు. ఇది మీది."

"ఇప్పుడిది దల్లా. మంచి దల్లా," అన్నాడు. "ఇలాంటివి నేను చాలా అమ్మాను."

వాసంతి ఎంత చెప్పినా తీసుకోలేదు. కోపంగా కాదు. కోపంగా ఐతే ఏదో ఒకటి చెప్పి బతిమాలుకునేది. వచ్చిన అతిథిని గుమ్మందాకా సాగనంపినట్టు సాగనంపాడు. ఆయన కూర్చునే కుర్చీ పక్కన బల్ల మీద, దల్లా ఉండే చోట, గుండ్రటి మచ్చ ఒకటి మిగిలింది.

శనివారం ఒక్సానా మెసేజ్ పెట్టింది. రికార్డింగు విన్నానని, ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంత విలువైనది రాలేదని, నీ కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్ళతో మాట్లాడతానని. ఫారంలో వస్తువు స్థితి అనే చోట ఉత్తమం అని తనే నింపిందట. వాసంతి దాన్ని చదివి, ఫోను బోర్లించి పెట్టింది. శ్రీహర్ష సంతోషపడి స్వీటు చెయ్యమన్నాడు. ఆమెకు ఎవరి మీదా అరవడానికి కారణం దొరకలేదు.

ఆదివారం రథసప్తమి. ఆకాశం కడిగినట్టుంది. సూర్యుడున్నాడు, వేడి మాత్రం లేదు. శాంతమ్మగారు తలంటు పోసుకుని, జిల్లేడాకులు దొరకని ఊరిని తిట్టుకుని, పరవాన్నం వండి దణ్ణం పెట్టారు. తర్వాత హాలు కిటికీ దగ్గరికి వెళ్ళి, కరివేపాకు కుండీకి పాత శాలువా చుట్టడం మొదలుపెట్టారు.

ఆ మొక్క సంగతి ఈ ఊరి తెలుగువాళ్ళందరికీ తెలుసు. బర్నబీలో ఉండే ఫిజీ తెలుగావిడ కృష్ణవతి ఇస్తే, కొండల మీదుగా కారులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. చలికాలమంతా దానికోసం ప్రత్యేకం ఒక లైటు. పక్కింటివాళ్ళు రెండు రెబ్బలడిగితే ఆవిడకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరింట్లో మొక్క చచ్చిపోయినా, చూడండి మాది ఎట్లా ఉందో అనేవారు.

ఏం చేస్తున్నారని శ్రీహర్ష అడిగితే, ఆయనకు ఇచ్చొద్దాం అన్నారు.

"అమ్మా, బయట మైనస్ ఇరవై ఎనిమిది. కారుదాకా వెళ్ళేలోపు చచ్చిపోతుంది. సమ్మర్‌లో ఇద్దాం."

"మొక్కనెవరు ఇస్తున్నార్రా," అన్నారావిడ. "మట్టి ఇస్తున్నాను."

మట్టి వరకూ తవ్వి డబ్బాలో పోసివ్వచ్చు కదా అని అతను అనబోయాడు. ఆవిడ ముఖం చూసి ఊరుకుని, వెళ్ళి కారు వేడిచేశాడు. శాలువా మీద దుప్పటి, దుప్పటి మీద తన కోటు చుట్టి, శాంతమ్మగారు స్వెట్టరుతోనే బయటికి నడిచారు. వాసంతి ముందు పరిగెత్తి తలుపులు తీసింది.

అబూ నాసర్ ఇంట్లో ఆ మూట విప్పేసరికి ఆకులు ఉడకబెట్టినట్టు వేలాడుతున్నాయి. చివర్లు అప్పుడే నల్లబడ్డాయి. వాసంతి కుండీని ఎత్తి కుర్చీ పక్కన బల్ల మీద, ఆ గుండ్రటి మచ్చ మీద పెట్టింది. ఇదే ఆ చెట్టు అని చెప్పింది. ఇంకో మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

ముసలాయన ఆకుల వంక చూడలేదు. కొమ్మను మెల్లగా పక్కకు వంచి, బల్ల అంచు పట్టుకుని వంగి, మట్టి దగ్గర ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

శాంతమ్మగారు చలికి వణుకుతూ, కోడలి చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఆయన లేవలేదు. ఆవిడ ఇక ఉండబట్టలేక గొంతు తగ్గించి, "వాసన వస్తోందేమో అడగవే," అన్నారు.

వాసంతి అడగలేదు.